తాగితే అతనికి ఏం తీరుతోంది? – వ్యసనం, మెదడు, వైద్యం

(అమలాపురంలో ఒక ఆదివారం సాయంత్రం ఒక సైకియాట్రిస్టు గారు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైప్ చేసాం. తడబాట్లు తప్ప ఇంకేమీ తీసెయ్యలేదు.)

నమస్కారం అండి. వెనకాల కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? ఆ, సరే. ఈరోజు ఎక్కువగా తాగుడు గురించి మాట్లాడతాను, పొగాకు గురించి, పందేల గురించి కొంచెం కొంచెం. ఎందుకంటే మన డెల్టాలో కుటుంబాల్ని నా దగ్గరికి తీసుకొచ్చేది ఎక్కువగా తాగుడేనండి. ఇక్కడ టీచర్లున్నారు, ఆశా వర్కర్లున్నారు, గురుస్వాములు ఇద్దరు ముగ్గురు కనపడుతున్నారు, వాళ్లు రావడం నాకు చాలా సంతోషం, వాళ్లతో నాకు ప్రత్యేకంగా పని ఉంది, తర్వాత చెప్తాను.

నన్ను అందరూ అడిగే ప్రశ్నతో మొదలెడతాను. "డాక్టరు గారూ, మా ఆయనకి మెదడు స్కాన్ తీయించమంటారా, ఎమ్మారై తీస్తే ఇది వ్యసనమో కాదో తెలిసిపోద్దంట కదా." డబ్బులు కూడా పోగేసుకుని వస్తారండి, ఆ స్కాన్ కోసం. తెలీదండి. తెలీదు. వ్యసనం ఉందా లేదా అని తేల్చే స్కాన్ ఈరోజుకి ప్రపంచంలో ఎక్కడా లేదు. టీవీలో రంగురంగుల బొమ్మలు చూపిస్తారు చూసారా, ఇది మామూలు మెదడు, ఇది తాగేవాడి మెదడు అని, అవి నిజమే, నోరా వోల్కోవ్ గారని అమెరికాలో పెద్ద సైంటిస్టు, 2003 నుంచి ఇరవై ఏళ్లకి పైగా అక్కడి డ్రగ్స్ పరిశోధన సంస్థకి డైరెక్టరుగా చేసారు, ఆవిడా ఆవిడ తోటివాళ్లూ వ్యసనం ఉన్నవాళ్ల మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని అందుకునే రిసెప్టర్లు, అందులో డీ2 అనే రకం, తగ్గి ఉంటాయని పెట్ అనే రకం స్కాన్లలో చూపించారు. కానీ అది గుంపు సగటు అండి. ఈ గుంపు సగటు తక్కువ, ఆ గుంపు సగటు ఎక్కువ, మధ్యలో బోలెడంత మంది కలిసిపోయి ఉంటారు. మీ ఆయన ఒక్కడి బొమ్మ చూసి ఏ గుంపో చెప్పమంటే ఆవిడైనా చెప్పలేరు. మరి స్కాన్ పనికిరాకపోతే ఈ బ్రెయిన్ సైన్సు మనకెందుకు? ఎందుకంటే అది మనం అడగాల్సిన ప్రశ్నల్ని మార్చేసింది. నేను ఈ సాయంత్రం చెప్పేదంతా అదే అండి.

మనం మామూలుగా ఏం అడుగుతాం? "ఎందుకు మానవురా నువ్వు?" తల్లి అడుగుద్ది, పెళ్లాం అడుగుద్ది, మావగారు నలుగురిలో కూర్చోబెట్టి అడుగుతారు. అతనికీ తెలీదు ఎందుకు మానలేకపోతున్నాడో, తల దించుకుంటాడు, లేకపోతే ఎదురు తిరుగుతాడు. ఆ ప్రశ్న వల్ల ఇప్పటిదాకా ఒక్క మనిషికైనా మేలు జరిగిందా, మీరే చెప్పండి. దాని బదులు తాగితే అతనికి ఏం తీరుతోంది అని అడగాలి. దానికి జవాబు ఒక్కటి ఉండదు, మూడు ఉంటాయి. ఒక్కోటీ మెదడులో ఒక్కో చోటికి సంబంధించింది.

మొదటిది లాగుడు. 1954లో కెనడాలో మాంట్రియల్‌లో ఓల్డ్స్, మిల్నర్ అని ఇద్దరు, ఎలుక మెదడులో ఒక చోట సన్నటి తీగ పెట్టి, ఎలుక ఒక మీట నొక్కితే అక్కడ చిన్న కరెంటు తగిలేలా చేసారు. అది ఇంక నొక్కుతూనే ఉంది, నొక్కుతూనే ఉంది. ఆహా ఇది సుఖం పుట్టే చోటు అనుకున్నారు అప్పుడు. తర్వాత డోపమైన్ పేరు బయటికొచ్చింది, డోపమైన్ అంటే సుఖం అని అందరూ రాసేసారు, ఇప్పటికీ వాట్సప్‌లో అదే తిరుగుతోంది. కానీ మిషిగన్ యూనివర్సిటీలో బెరిడ్జ్, రాబిన్సన్ గార్లు ఏం చూపించారంటే, డోపమైన్ దాదాపు లేకుండా చేసేసిన ఎలుక నోట్లో తీపి వేస్తే, మామూలు ఎలుకలాగానే పెదాలు నాక్కుంటుంది, ఇష్టం అలాగే ఉంది. కానీ ఆ తీపి కోసం నాలుగడుగులు నడవదు. ఇష్టం వేరు, ఆరాటం వేరు అండి. డోపమైన్ నడిపేది ఆరాటాన్ని. అందుకే చూడండి, ఏళ్ల తరబడి తాగుతున్న మనిషిని అడగండి, "ఇప్పుడు తాగితే హాయిగా ఉంటోందా" అని. చాలామంది నిజం చెప్తారు, "ఏం హాయండి, ఏమీ లేదు, కానీ ఆగలేను." ఇంట్లోవాళ్లు అది అబద్ధం అనుకుంటారు. అబద్ధం కాదండి. ఇష్టం పోయినా ఆరాటం పెరుగుతుంది, ఈ జబ్బు స్వభావమే అది.

ఇంకొకటి కూడా చెప్పాలి. స్విట్జర్లాండ్‌లో షుల్ట్జ్ గారు కోతుల మీద చేసారు. లైటు వెలిగితే కాసేపటికి పళ్లరసం వస్తుంది. మొదట్లో రసం వచ్చినప్పుడు డోపమైన్ కణాలు చురుగ్గా పలికేవి. కోతికి అలవాటయ్యాక రసానికి పలకడం మానేసి లైటుకే పలకడం మొదలెట్టాయి. లైటు వెలిగి రసం రాకపోతే ఆ కణాలు ఒక్కసారిగా చల్లబడిపోయాయి. ఇప్పుడు మన ఊళ్లోకి తెండి దాన్ని. సాయంత్రం ఆరవ్వడం, కూలి డబ్బులు చేతిలో పడ్డం, ఫలానా స్నేహితుడి బండి శబ్దం, బెల్టు షాపు ముందు బల్బు, ఇవన్నీ ఆ లైటు లాంటివే. మందు ఇంకా లోపలికి పోలేదు, వాసన కూడా రాలేదు, మెదడు అప్పటికే పరిగెడుతోంది. "పొద్దున ఒట్టేసాడండి, సాయంత్రానికి మర్చిపోయాడు" అంటారు. మర్చిపోలేదండి. పొద్దున ఒట్టేసినప్పుడు అతని ముందు ఆ లైటు లేదు, అంతే.

రెండోది బాధ. ఇది కొంచెం నిదానంగా చెప్తాను, ఎందుకంటే ప్రాణాలు పోయేది ఇక్కడే. ఆల్కహాల్ మెదడుని మందగించేలా చేస్తుంది. గాబా అనే రసాయనం పని పెంచుతుంది, అది నెమ్మది పరిచేది. గ్లుటమేట్ అనే దాని పని అణుస్తుంది, అది ఉరకలెత్తించేది. రోజూ తాగుతుంటే మెదడు ఊరుకోదు, దాన్ని తట్టుకోడానికి సర్దుకుంటుంది. మన కాలవ లాకులు చూసారు కదా, పైనుంచి నీళ్లు తగ్గాయనుకోండి, కింద పొలాలకి సరిపోవాలని షట్టర్లు మొత్తం పైకి ఎత్తేస్తారు. అలా ఎత్తేసి ఉండగా పైనుంచి ఒక్కసారి నీళ్లు వదిలేస్తే? కింద ఊళ్లు ములిగిపోతాయి. పదేళ్లు రోజూ తాగిన మనిషి ఒక్క పూటలో ఆపేస్తే మెదడులో జరిగేది అదే అండి. చేతులు వణుకుతాయి, చెమటలు, నిద్ర పట్టదు. ఆపిన 6 గంటల నుంచి 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి కొందరికి మతి తప్పుతుంది, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనుషులతో మాట్లాడతారు, జ్వరం, గుండె దడ. దాన్ని డెలిరియం ట్రెమెన్స్ అంటాం. వైద్యం అందకపోతే మనిషి పోతాడు.

అందుకే చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను, రోజూ పొద్దున్నుంచే తాగే మనిషిని గదిలో పెట్టి తాళం వెయ్యకండి. మంచి ఉద్దేశంతోనే చేస్తారు, నాకు తెలుసు. కానీ మూడో రోజు రాత్రి నా దగ్గరికి అంబులెన్సులో వస్తారు. 2015లో తెలంగాణలో ఏం జరిగిందో గుర్తుందా, కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డయజిపామ్ లాంటి మత్తు మాత్రలు కలిపి అమ్మేవారు, గట్టిగా దాడులు చేసి ఆపేసారు, ఆపడం మంచి పనే, కానీ ఆ కల్లుకి అలవాటు పడ్డ జనం ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో ఆసుపత్రుల ముందు గుంపులు గుంపులుగా చేరారు. కల్లులో కలిపింది వేరే మత్తు గానీ మెదడులో జరిగింది మాత్రం ఇదే సంగతి. దీనికి చక్కటి వైద్యం ఉంది. క్లోర్‌డయజిపాక్సైడ్ లాంటి మాత్రలు ఇచ్చి రోజురోజుకీ తగ్గించుకుంటూ వారం పది రోజుల్లో ఆపేస్తాం, లివరు పాడైతే లోరాజిపామ్ ఇస్తాం. అంటే ఎత్తిన షట్టర్లు ఒక్కొక్కటీ దించుకుంటూ రావడం.

ఇంకో మాట, విటమిన్ బీ1, థయమిన్. తాగేవాళ్లు అన్నం సరిగ్గా తినరు, తిన్నా మనది బాగా పాలిష్ పట్టిన బియ్యం, అందులో థయమిన్ ఉండేదే తక్కువ, పైగా ఆల్కహాల్ దాన్ని ఒంటికి పట్టనివ్వదు. థయమిన్ బాగా తగ్గితే కళ్లు వంకరగా తిరుగుతాయి, నడక తూలుతుంది, మతి పోతుంది, తాగి ఉన్నాడులే అనుకుని వదిలేస్తారు, ఆ తర్వాత జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. ఇక్కడ ఆర్‌ఎంపీలు ఉంటే దయచేసి వినండి, తాగే మనిషి నీరసంగా పడుంటే గ్లూకోజ్ సీసా ఎక్కించేస్తారు కదా, దానికి ముందు థయమిన్ పడాలి. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు నాకు.

వణుకు తగ్గిపోయాక కూడా బాధ ఉంటుందండి. నెలల తరబడి చిరాకు, నిద్ర లేకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం. మెదడులో అమిగ్డలా అని భయానికీ ఒత్తిడికీ సంబంధించిన భాగం ఉంది, దాని చుట్టుపక్కల అల్లిక అంతా ఆ రోజుల్లో రేగి ఉంటుంది. మొదట్లో సరదాకి తాగిన మనిషి ఇప్పుడు ఆ బాధ తగ్గడానికి తాగుతాడు. "మానేసి నెలైంది, ఇప్పుడేం రోగం, ఇంకా మొహం అలా పెట్టుకు తిరుగుతావు" అని ఇంట్లోవాళ్లు అంటే... ఆ మనిషి పరిస్థితి ఆలోచించండి.

మూడోది పగ్గం. నుదురు వెనకాల ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, ముందు వెనక ఆలోచించేది, ఇప్పుడొద్దులే అని ఆపేది. ఇది పూర్తిగా ఎదగడానికి ఇరవై అయిదేళ్లు దగ్గర పడతాయి. అందుకే కాలేజీ పిల్లల చేతిలో గంజాయి పడితే నాకు ఎక్కువ భయం, ఎదుగుతున్న భాగం మీద పడుతుంది దెబ్బ. సంక్రాంతికి బరుల దగ్గర గుండాట చూస్తాం కదా, ఫోన్లో బెట్టింగులు చూస్తున్నాం కదా, ఇందులో ఒంట్లోకి పోయే పదార్థం ఏమీ లేదు, అయినా 2013లో వచ్చిన డీఎస్ఎం-5, అంటే మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికా పుస్తకం, జూదాన్ని కూడా వ్యసనాల పక్కన చేర్చింది. కేంబ్రిడ్జిలో 2009లో ఒక పరిశోధన చేసారు, గెలుపు తృటిలో తప్పిపోయినప్పుడు, అంటే ఓడిపోయినట్టే లెక్క, అయినా మెదడులో గెలిచినప్పుడు వెలిగే చోటే వెలుగుతోంది, ఇంకోసారి ఆడాలనిపిస్తోంది. ఒక్క అంకె తేడాతో పోయింది అని రాత్రంతా ఆడిన కుర్రాళ్ల తల్లిదండ్రులు ఇక్కడున్నారేమో, వాళ్లకి ఇది తెలియాలి.

ఇప్పుడు గురుస్వాముల దగ్గరికి వస్తాను. అయ్యా, మీరు నాకంటే పెద్ద ప్రయోగం ప్రతి ఏడూ చేస్తున్నారు. కార్తీకంలో మాల వేసుకుంటారు, 41 రోజులు. రోజూ తాగే మనిషి, ఎవరు చెప్పినా వినని మనిషి, మాల వేసిన రోజు నుంచి చుక్క ముట్టుకోడు. ఇంట్లోవాళ్లు ఏమంటారు? "చూసారా, మానగలడు, కావాలనే తాగుతున్నాడు." నేను వేరేలా చూస్తానండి. ఆ 41 రోజులు అతని జీవితంలో ఏమేం మారాయో చూడండి. తెల్లారకట్ల లేచి చన్నీళ్ల స్నానం. నల్ల బట్టలు. ఊళ్లో ప్రతివాడూ స్వామీ అని పిలుస్తాడు, పెళ్లాం కూడా. సాయంత్రం ఆరింటికి, సరిగ్గా ఆ లైటు వెలిగే టైముకి, పీఠం దగ్గర భజనలో ఉంటాడు. పాత స్నేహితులు ఎదురొస్తే వాళ్లే తప్పుకుంటారు, రా ఒక రౌండ్ వేద్దాం అనే ధైర్యం ఎవడికీ ఉండదు. అంటే లైట్లన్నీ ఆరిపోయాయి, బాధ పంచుకునే గుంపు దొరికింది, పగ్గం బయటినుంచి పదిమంది పట్టుకున్నారు. మూడింటికీ ఒకేసారి వైద్యం జరిగింది. భక్తి సంగతి మీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు, మెదడు సంగతి నేను చెప్తున్నాను.

మరి మాల తీసిన సాయంత్రం? అన్నీ ఒక్క పూటలో పోతాయి. బట్టలు పోయాయి, పిలుపు పోయింది, భజన పోయింది, ఆరింటికి ఖాళీ. లైట్లు మళ్లీ వెలిగాయి. కొందరైతే శబరిమల నుంచి తిరిగొచ్చే దారిలోనే మొదలెడతారు.

ఇలాంటిదే ఇంకొకటి మన రాజోలు, మలికిపురం వైపు ప్రతి వీధిలో ఉంది. కువైట్ వెళ్తారు, అక్కడ మందు నిషేధం, రెండేళ్లు ముట్టుకోకుండా ఉంటారు, డబ్బులు పంపిస్తారు, ఇంటికొచ్చిన వారానికి మళ్లీ పాత మనిషి. "అక్కడ బానే ఉన్నావు కదరా" అని తల్లి ఏడుస్తుంది. దీనికి తిరగేసిన కథ అమెరికాలో జరిగింది. వియత్నాం యుద్ధంలో సైనికులు హెరాయిన్ వాడేవారు, లీ రాబిన్స్ అని ఒకావిడ 1971లో తిరిగొచ్చిన వాళ్లని వెతికి పట్టుకుని లెక్క తీసారు. అక్కడుండగా అయిదుగురిలో ఒకరు దానికి బానిసలు. ఇంటికొచ్చాక మొదటి ఏడాదిలో అలా బానిసలైనవాళ్లలో మళ్లీ ఆ స్థితికి వెళ్లింది సుమారు 5 శాతమే. ఎవరూ నమ్మలేదట మొదట. వాళ్లకి అలవాటు జరిగిన చోటు అక్కడ, తిరిగొచ్చింది ఇక్కడికి. మనవాడికి అలవాటు జరిగిన చోటు ఇదే ఊరు, తిరిగొచ్చింది కూడా ఇదే ఊరికి. మెదడు నేర్చుకున్నది మాసిపోదండి, చోటుని అంటిపెట్టుకుని ఉంటుంది.

కాబట్టి గురుస్వాములకి నా మనవి రెండు. ఒకటి, మాల వేసే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "పొద్దున్న లేవగానే చేతులు వణక్కుండా ఉండటానికి తాగాల్సి వస్తోందా?" అవును అంటే మాలకి పది పదిహేను రోజుల ముందే డాక్టరు దగ్గరికి పంపండి, లేకపోతే దీక్షలో రెండో రోజు ఫిట్స్ వస్తాయి, అపచారం జరిగిందని అతను ఇంకా కుంగిపోతాడు. రెండోది, మాల తీసాక వారంలో కనీసం రెండు సాయంత్రాలు ఆరింటికి అతన్ని పిలిపించండి. గుడి శుభ్రం చేయించండి, భజనకి మద్దెల పట్టించండి, ఏదైనా సరే. ఆ గంట గడిస్తే చాలా గడిచినట్టే.

సరే, ఇప్పుడు నా దగ్గరికొస్తే నేను ఏం చేస్తానో చెప్తాను. మొదట ఆడిట్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నలు. సున్నా నుంచి 40 దాకా మార్కులు, 8 గానీ ఆ పైన గానీ వస్తే జాగ్రత్త పడాలి, 20 గానీ ఆ పైన గానీ వస్తే బానిస అయ్యాడేమో చూడాలి. అందులో ఎన్ని డ్రింకులు తాగుతావు అంటే అందరూ "ఒక్క క్వార్టరే అండి" అంటారు. ఒక్క క్వార్టరు అంటే 180 మిల్లీలీటర్లు, అందులో 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, పది గ్రాములు ఒక డ్రింకు అనుకుంటే ఆరు డ్రింకులు. ఇది చెప్పగానే చాలామంది ఆగిపోయి ఆలోచిస్తారు, తిట్టు కంటే ఈ లెక్క బాగా పనిచేస్తుందని నా అనుభవం.

మార్కులు ఎంత తీవ్రమో చెప్తాయి గానీ ఎందుకో చెప్పవు. ఇద్దరికి 26 వచ్చాయనుకోండి. ఒకాయన ఆకివీడు వైపు రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా. తాగకపోతే నిద్ర లేదు, గుండెల్లో గుబులు, చెరువులో నష్టం వచ్చిన ఏడాది నుంచి పెరిగింది, ఒక్కడే కూర్చుని తాగుతాడు. ఇంకొకాయన మేస్త్రీ, ఇంట్లో ఉంటే గుర్తే రాదు, కానీ శనివారం డబ్బులు పంచే చోట నలుగురు చేరితే ఆపలేడు. మార్కులు ఒకటే, జబ్బు ఒకటేనా? మొదటాయనది బాధ, రెండో ఆయనది లాగుడు. 2016లో అమెరికాలో కొందరు సైంటిస్టులు సరిగ్గా ఈ మూడింటినీ, ఆరాటం, బాధ, పగ్గం, విడివిడిగా కొలవాలని ఒక పద్ధతి ప్రతిపాదించారు. ఇంకా రోజువారీ వైద్యంలోకి పూర్తిగా రాలేదు, కానీ ప్రశ్నలు మనం ఈరోజే అడగొచ్చు కదా. పగ్గం చూడాలంటే చిన్న ప్రశ్న ఉంది, ఇప్పుడు 500 తీసుకుంటావా, నెల ఆగితే 1000 ఇస్తాను ఆగుతావా. ఎప్పుడూ ఇప్పుడే అనేవాళ్లకి "పదేళ్లకి లివరు పోద్ది" అని చెప్తే ఏం ఎక్కుతుంది? వాళ్లకి ఈ వారం కనపడే లాభం చూపించాలి.

దాన్ని బట్టి మాత్రలు. లాగుడు ఎక్కువ ఉన్నవాళ్లకి నాల్‌ట్రెక్సోన్, తాగినప్పుడు వచ్చే ఊపుని తగ్గిస్తుంది, లివరు పరీక్ష చూసి ఇస్తాం, నల్లమందు జాతి మాత్రలు వాడేవాళ్లకి ఇవ్వకూడదు. మానేసాక చిరాకు, నిద్రలేమితో ఉండేవాళ్లకి అకాంప్రోసేట్, రేగిన గ్లుటమేట్‌ని సర్దుతుంది, కిడ్నీ చూసుకోవాలి. ఈ సరిపోల్చడం అచ్చంగా లెక్క తప్పకుండా పనిచేస్తుందని నేను అనను, ఒకటి పని చెయ్యకపోతే ఇంకొకటి చూస్తాం. మాత్రలతో పాటు మాట కూడా ఉంటుంది, తిట్టకుండా అతని నోటితోనే కారణాలు చెప్పించే కౌన్సెలింగు, లైట్లు ఏవో రాయించి ఒక్కోదాన్నీ దాటే ఉపాయం నేర్పడం. అయితే మూడో రోజున, వణుకుతున్న మనిషికి గంటసేపు క్లాసు పీకొద్దు, ఎక్కదు, మెదడు ఇంకా తేరుకోలేదు. కొన్ని వారాలు ఆగితే ఆలోచన, జ్ఞాపకం మెరుగవుతాయి, అప్పుడు చెప్పండి.

ఒక విషయంలో మాత్రం నేను గట్టిగానే మాట్లాడతాను, ఏమనుకోకండి. "తెలియకుండా కూరలో కలపండి, మందు మానేస్తాడు" అని గోడల మీద, ఫోన్లో ప్రకటనలు వస్తాయి కదా. కొన్ని చోట్ల డైసల్ఫిరామ్ మాత్రే పొడి చేసి ఇస్తారు. ఆ మాత్ర మంచిదే, తెలిసి, ఒప్పుకుని వేసుకునేవాళ్లకి. అది ఒంట్లో ఉండగా తాగితే ఆల్కహాల్ విరిగే దారి మధ్యలో ఆగిపోయి ఎసిటాల్డిహైడ్ అనే విషం పేరుకుంటుంది, మొహం ఎర్రబడుతుంది, వాంతులు, బీపీ పడిపోతుంది, గుండె బలహీనంగా ఉన్నవాళ్లు చనిపోవచ్చు. వేసుకోవడం ఆపినా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. తెలియకుండా పెడితే అతను తాగుతాడు కదండీ, తాగుతాడనే కదా పెట్టింది. పసరు పోసే చోట్లకి తీసుకెళ్లేవాళ్లు కూడా అందులో ఏం ఉందో అడగండి, చెప్పకపోతే తాగించకండి.

పొగాకు గురించి ఒక్క సంగతి. మన లంకల్లో పండే పొగాకుకి, లంక చుట్టకి పేరుంది, తాతల నుంచి అలవాటు. మెదడులో ఇన్సులా అని ఒక భాగం ఉంది, ఒంట్లో ఏం కోరుకుంటోందో తెలియజేసేది. 2007లో వచ్చిన పరిశోధనలో, దెబ్బ తగిలి ఆ భాగం పాడైన 19 మంది పొగతాగేవాళ్లలో 13 మంది మానేసారు, వాళ్లలో 12 మంది అయితే ఏ కష్టం లేకుండా, కోరికే రాకుండా. అంటే ఆ కోరిక గుణం తక్కువై వచ్చింది కాదు, ఒక చోట పుడుతోంది. అలాగని ఎవరికీ ఇన్సులా తియ్యరు, తల బయట అయస్కాంతం పెట్టే టీఎంఎస్ పద్ధతికి 2020లో అమెరికాలో సిగరెట్టు మానడానికి అనుమతి వచ్చింది, మన దాకా మామూలుగా వచ్చేసరికి టైము పడుతుంది. ఇప్పటికి నికోటిన్ గమ్ ఉంది, లేచిన అయిదు నిమిషాల్లో మొదటి చుట్ట వెలిగించేవాళ్లకి ఎక్కువ మోతాదు కావాలి, అడిగి తీసుకోండి.

మళ్లీ తాగితే? తాగుతారండి, చాలామంది. వ్యసనాల్లో 40 నుంచి 60 శాతం మంది తిరగబెట్టుకుంటారని లెక్కలున్నాయి, బీపీ, ఆస్తమాలో కూడా మందులు మానేసి తిరగబెట్టుకునేవాళ్లు అంతకు తక్కువేం కాదు. అలా జరిగిన రోజు ఏ లైటు వెలిగింది, ఏ బాధ వచ్చింది అని కూర్చుని మాట్లాడండి. కొట్టడం, గొలుసులు వెయ్యడం, బలవంతంగా ఎక్కించుకుని తీసుకుపోయే సెంటర్లకి అప్పజెప్పడం చెయ్యకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం తాగుడు, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలకి కూడా వర్తిస్తుంది, గొలుసులతో కట్టెయ్యడం నేరం, సెంటరుకి రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడిగే హక్కు మీకుంది. కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్‌తో చేయించి 2019లో విడుదల చేసిన సర్వేలో, మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందిందని తేలింది. 38 మందిలో ఒక్కరు! ఈ హాల్లో ఎంతమంది కుటుంబాలు ఆ మిగతా 37లో ఉన్నాయో నాకు తెలీదు, అడగను కూడా.

"ఎక్కడికి రావాలి" అని ఆ అమ్మగారు అడుగుతున్నారు. కాకినాడ పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది. ముందు ఫోన్లో మాట్లాడాలంటే వ్యసనాలకి 14446, మానసిక సమస్యలకి టెలీమానస్ 14416, రెండూ డబ్బులు పడని నంబర్లు, టెలీమానస్‌లో తెలుగులో మాట్లాడొచ్చు. అతను రానంటే మీరొక్కరే రండమ్మా, ఫర్లేదు, మేం మీతోనే మొదలెడతాం. వచ్చేటప్పుడు ఒక కాగితం మీద ఇవి రాసుకురండి: చివరిసారి ఎన్నింటికి తాగాడు, రోజుకి ఎంత, పొద్దున్నే తాగుతాడా, ఇంతకుముందు ఆపినప్పుడు ఫిట్స్ గానీ మతి తప్పడం గానీ జరిగిందా, ఇంకేం మాత్రలు వాడుతున్నాడు, ఏ టైములో ఎవరితో ఉన్నప్పుడు ఎక్కువ తాగుతాడు, ఎప్పుడైనా కొన్నాళ్లు మానేసి ఉంటే అప్పుడు రోజు ఎలా గడిచేది. ఆఖరిది తప్పకుండా రాయండి. మిగతా ప్రశ్నలుంటే కిందకి వస్తాను, ఒక్కొక్కరే అడగండి.